ఫైటర్ చేప తొట్టిలో ఏ అలంకరణ ఉండవచ్చు, ఏది ఉండకూడదు?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. తన పుట్టినరోజుకు నీలం రంగు హాఫ్‌మూన్ ఫైటర్ చేపను, 25 లీటర్ల గాజు తొట్టిని కొన్నాము. తొట్టి బోసిగా ఉందని దుకాణంలోనే రెండు ప్లాస్టిక్ మొక్కలు, కిటికీలున్న ఒక చిన్న కోట బొమ్మ, రంగురాళ్ళు తీసుకున్నాము. విశాఖ తీరంలో ఏరుకొచ్చిన గవ్వలు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తాండూరు రాయి ముక్క కూడా వేశాము. మా అత్తగారు చిన్న ఇత్తడి కృష్ణుడి విగ్రహం ఇచ్చారు, అదీ లోపలే ఉంది. మూడు వారాలకే చేప తోక రెండు చోట్ల చీలింది. ఎక్కువసేపు ఒక మూలనే ఉంటోంది. దుకాణదారు మందు వేయమంటున్నారు. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీయాలి? — ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మందు సంగతి తరువాత చూద్దాము. ముందుగా ఈ రోజే రెండు ప్లాస్టిక్ మొక్కలను, కోటను, ఇత్తడి విగ్రహాన్ని తొట్టిలోంచి తీసివేయండి. గవ్వలను, అంచు పదునుగా లేకపోతే తాండూరు రాయిని తీయడానికి రేపటి వరకు ఆగినా ప్రమాదం లేదు. ఇలా వేరుచేసి చెప్పడానికి కారణం ఉంది. తొట్టిలో వేసిన వస్తువు చేపకు హాని చేసే దారులు వేరువేరుగా ఉంటాయి. కొన్ని ఒంటికి తగిలి గాయం చేస్తాయి, కొన్ని చేపను ఇరికిస్తాయి, కొన్ని నీటిలో కరిగి నీటి గుణాన్నే మార్చివేస్తాయి. మీ తొట్టిలో ఈ మూడు రకాల వస్తువులూ ఉన్నాయి.

మీ ఇంటికి వచ్చిన ఈ చేప ఎక్కడిదో, ఎలా బతికేదో తెలిస్తే మిగిలినవన్నీ తేలికగా అర్థమవుతాయి. మనం ఫైటర్ అని పిలిచే బెట్టా స్ప్లెండెన్స్ థాయిలాండ్‌కు చెందినది. 1910లో శాస్త్రవేత్త రీగన్ దీనికి ఆ శాస్త్రీయ నామం పెట్టారు. 2019లో థాయిలాండ్ దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. అది పుట్టి పెరిగే చోటు వరిమడులు, గడ్డి పెరిగిన చిత్తడి నేలలు, నెమ్మదిగా కదిలే కాలువలు. అంటే లోతు తక్కువ, ఆకు ఎక్కువ, ప్రవాహం దాదాపు లేని నీరు. మన కొర్రమీను లాగానే ఇది కూడా నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది. అందుకోసం మొప్పల పైభాగంలో లాబిరింత్ అనే ప్రత్యేకమైన అవయవం ఉంటుంది. పైకి రాకుండా ఎక్కడైనా ఇరుక్కుపోతే, చుట్టూ నీరు ఉన్నా ఊపిరాడక చనిపోగలదు. ఇక మీ చేప హాఫ్‌మూన్ రకం. విప్పితే అర్ధచంద్రుడిలా పరుచుకునే ఆ తోక ప్రకృతిలో లేదు, మనుషులు తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన ఫలితంగా వచ్చింది. ఆ బరువును లాగుతూ ఈదడం వల్ల చేప త్వరగా అలిసిపోతుంది, ఆ పలుచని పొర దేనికి తగిలినా చీలిపోతుంది. అడవి బెట్టాకు గాని, పొట్టి తోక ఉన్న ప్లకట్ రకానికి గాని హాని చేయని వస్తువు కూడా దీనికి ప్రమాదకరం కావచ్చు.

ఇప్పుడు ప్లాస్టిక్ మొక్కల విషయం. వాటిని తీసిన తరువాత ఒక పాత నైలాన్ చున్నీనో, పలుచని పాత చీర కొంగునో తీసుకుని ఆ ఆకుల మీదుగా, కొమ్మల మధ్యగా, అడుగున ఉన్న దిమ్మ అంచుల మీదుగా నెమ్మదిగా లాగి చూడండి. ఎక్కడ పోగు చిక్కుకుంటుందో, ఎక్కడ గుడ్డ పట్టుకుంటుందో అక్కడ తోక కూడా చిక్కుకుంటుంది. అచ్చులోంచి తీసినప్పుడు మిగిలిన ముక్కులు, ఆకు చివర గట్టిపడిన మొనలు కంటికి కనిపించవు గాని గుడ్డకు తెలిసిపోతాయి. నేను చూసిన వాటిలో ఎక్కువ మొక్కలు ఈ పరీక్షలో నిలవలేదు. గుడ్డతో చేసిన పట్టు మొక్కలు మెత్తగానే ఉంటాయి కాబట్టి అవి మేలు. అయితే వాటి కాడలోపల సన్నని ఇనుప తీగ ఉండవచ్చు. చివర బయటపడితే అది సూదిలా గుచ్చుకుంటుంది, తుప్పు కూడా పడుతుంది. అయస్కాంతం దగ్గర పెట్టి చూస్తే లోపల ఇనుము ఉన్నదో లేదో తెలిసిపోతుంది. తీగ ఉన్న మొక్కను కొనకపోవడమే మంచిది. చేప పడుకునేందుకు గాజుకు అంటించే ఆకు ఆకారపు పరుపులు దుకాణాలలో దొరుకుతున్నాయి, వాటికీ ఇదే పరీక్ష చేయాలి.

మీ చేప తోకను టార్చి వెలుతురులో దగ్గరగా గమనించండి. చీలిక గీత గీసినట్టు నిటారుగా ఉండి, అంచు రంగు మారకుండా ఉంటే అది గాయం. అంచు నల్లబడి గాని, ఎర్రబడి గాని, దూదిలా తెల్లటి పొరతో గాని ఉండి, రోజురోజుకూ తోక పొట్టిబడుతూ ఉంటే అది తోక కుళ్ళు. మీరు రాసిన దానిని బట్టి రెండు చోట్ల చీలడం గాయాన్నే సూచిస్తోంది. గాయానికి సరైన వైద్యం శుభ్రమైన నీరు. మూడు రోజులకు ఒకసారి నాలుగో వంతు నీటిని మార్చండి. కొళాయి నీటిలోని క్లోరిన్‌ను తొలగించే ద్రావణాన్ని కొత్త నీటిలో కలిపి, పాత నీటి వేడికి దగ్గరగా తెచ్చి పోయండి. నీలం, పసుపు రంగు మందులను కారణం తెలియకుండా పోస్తే, వ్యర్థాలను విడగొట్టి నీటిని కాపాడే మేలుచేసే బాక్టీరియా చనిపోవచ్చు. అప్పుడు ఉన్న గాయానికి తోడు కొత్త కష్టం వస్తుంది. పది రోజులలో చీలిక అంచున పారదర్శకమైన కొత్త పొర కనిపించడం మొదలైతే చేప కోలుకుంటున్నట్టే. అంచు నల్లబడుతూ ముందుకు సాగితే మాత్రం చేపల వైద్యం తెలిసిన పశువైద్యులకు చూపించి, వారు చెప్పిన మందునే వాడండి.

కోట గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే అది అందరికీ నచ్చే వస్తువు. కిటికీలలోంచి చేప దూరి వెళుతుంటే చూడడం పిల్లలకు ఎంత ఆనందమో నాకు తెలుసు. కాని బెట్టాకు తల పట్టే రంధ్రంలో ఒళ్ళు పట్టకపోవచ్చు, ముందుకు ఈదే చేప వెనక్కు జరగడం కష్టం. నా దగ్గర ఉన్న ఒక ఎర్రటి ప్లకట్, చిన్న పూలకుండీ అడుగున నీరు పోవడానికి ఉన్న రంధ్రంలో తల పెట్టి ఇరుక్కుంది. నేను ఉదయం చూసేసరికి ఎంతసేపటి నుంచి అలా ఉన్నదో తెలియదు. కుండీని నీటిలోనే జాగ్రత్తగా పగలగొట్టి విడిపించాను. బతికింది గాని, రెండు వైపులా పొలుసులు లేచిపోయి మూడు వారాలు మేత సరిగా తినలేదు. అప్పటి నుంచి ఏ వస్తువు కొన్నా నేను ముందు చూసేది రంధ్రాలనే. తోక విప్పుకుని చేప హాయిగా తిరిగి రాగలిగేటంత వెడల్పు ఉండాలి, లేదా చేప ముక్కు కూడా పట్టనంత చిన్నదిగా ఉండాలి. ఈ రెండింటికీ మధ్య ఉన్న కొలతలన్నీ ప్రమాదమే. లోపలికి వెళ్ళే దారి, బయటికి వచ్చే దారి రెండూ ఉంటే ఇంకా మంచిది.

కోట దేనితో చేశారో కూడా చూడాలి. దాని అడుగుభాగాన్ని గోటితోనో, మేకుతోనో గీకండి. తెల్లటి పొడి రాలితే అది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. నీటిలో నెమ్మదిగా కరుగుతుంది, దానితో పాటు పైనున్న రంగు కూడా పెచ్చులుగా ఊడుతుంది. గట్టిగా ఉండి, రంగు ఊడకపోతే అది రెజిన్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పదార్థం) అయి ఉంటుంది. అక్వేరియంల కోసమే చేసిన రెజిన్ బొమ్మ, కిటికీలు తగినంత పెద్దవై, అంచులు చున్నీ పరీక్షలో నిలిస్తే ఉంచుకోవచ్చు. మీ కోట కిటికీలు చిన్నవే అయితే అమ్మాయితో కూర్చుని ఆ కిటికీలను లోపలి నుంచి అక్వేరియం సిలికాన్‌తో మూసివేయవచ్చు. పూర్తిగా ఆరి, పులుపు వాసన పోయిన తరువాతనే దానిని నీటిలో పెట్టాలి. గాలి బుడగలకు తెరుచుకుని మూసుకునే పెట్టె బొమ్మలను మాత్రం హాఫ్‌మూన్ ఉన్న తొట్టిలో పెట్టవద్దు, తోక ఆ మూత కింద పడుతుంది.

రాళ్ళు, గవ్వల విషయంలో హాని నెమ్మదిగా జరుగుతుంది. తాండూరు రాయి సున్నపురాయి. బేతంచర్ల రాయి, షాబాద్ రాయి, మనం గట్లకు, మెట్లకు వేసే నల్లటి కడప రాయి కూడా సున్నపురాళ్ళే. పాలరాయిదీ, గవ్వలదీ, పగడపు ముక్కలదీ అదే పదార్థం, కాల్షియం కార్బొనేట్. ఇది నీటిలో కొద్దికొద్దిగా కరిగి నీటి కాఠిన్యాన్ని, పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను) పెంచుతుంది. బెట్టాకు 6.5 నుంచి 7.5 మధ్య పీహెచ్ హాయిగా ఉంటుంది. ఒక చిన్న తాండూరు ముక్క వల్ల చేప రాత్రికి రాత్రి చనిపోదు. కాని మన ఊళ్ళలో బోరు నీరు ముందే ఉప్పగా, కఠినంగా ఉంటుంది, దానికి ఇంకా సున్నం కలపడానికి కారణం ఏమీ లేదు. పైగా కోసిన రాయి అంచు కత్తిలా ఉంటుంది, మెరుగు పెట్టిన రాయికి మైనమో రసాయనమో పూసి ఉండవచ్చు. ఏ రాయి గురించైనా అనుమానం వస్తే, తొట్టికి బయట, పొడిగా ఉన్న రాయి మీద వెనిగర్ గాని నిమ్మరసం గాని నాలుగు చుక్కలు వేసి దగ్గరగా చూడండి. నురగ వచ్చినా, సన్నటి బుడగలు లేచినా అది సున్నపు జాతి. రాయిని కొద్దిగా గీకి, ఆ పొడి మీద వేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గ్రానైట్, నదిలో దొరికే నున్నటి తెల్లటి పలుగురాళ్ళు ఈ పరీక్షలో నిలుస్తాయి. నీటిలో దొర్లి గుండ్రబడిన రాయి తోకకు కూడా మంచిదే.

గవ్వలలో ఇంకొక చిక్కు ఉంది. వాటి మెలికల లోపల ఎండిన జీవి అవశేషం మిగిలి ఉంటే అది కుళ్ళి నీటిని పాడుచేస్తుంది. మీ విశాఖ గవ్వలు జ్ఞాపకంగా విలువైనవే కాబట్టి వాటిని గాజు సీసాలో పోసి తొట్టి పక్కన పెట్టుకోండి. రంగురాళ్ళను ఒక తెల్లటి గిన్నెలో వేసి వేడినీళ్ళు పోసి ఒక రాత్రి ఉంచండి. నీరు రంగు దిగినా, తెల్లటి గుడ్డతో రుద్దితే రంగు అంటినా పారేయండి. రంగు దిగకపోతే, మొనలున్న వాటిని ఏరివేసి మిగతావి వాడుకోవచ్చు. నాకు మాత్రం మామూలు నది ఇసుక రంగులోని సన్నటి గులకలే నచ్చుతాయి. వాటి మీద నీలం హాఫ్‌మూన్ రంగు ఎంత నిండుగా కనిపిస్తుందో, నియాన్ రంగుల రాళ్ళ మీద అంత కనిపించదు. గోలీలు వద్దు, వాటి సందులలోకి జారిన మేత అక్కడే కుళ్ళుతుంది.

ఇక కృష్ణుడి విగ్రహం. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. నీటిలోకి దిగిన రాగి చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. ఎప్పుడైనా నత్తలనో, చిన్న రొయ్యలనో అదే తొట్టిలో పెంచాలనుకుంటే అవి ఇంకా తక్కువ రాగికే చనిపోతాయి. నీటి కాఠిన్యం ఎంత తక్కువగా, ఆమ్ల గుణం ఎంత ఎక్కువగా ఉంటే లోహం అంత ఎక్కువగా కరుగుతుంది; నేను కింద చెప్పబోయే బాదం ఆకు నీటిని అటువైపే మళ్ళిస్తుంది కాబట్టి ఆ రెండూ ఒకే తొట్టిలో అసలు ఉండకూడదు. ఇంట్లో రాగి చెంబులో నీళ్ళు తాగే అలవాటు ఉన్నవారికి ఈ మాట వింతగా తోస్తుంది. మనం చెంబులోంచి తాగి వదిలివేస్తాము, చేప మాత్రం పగలూ రాత్రీ ఆ నీటినే మొప్పల గుండా పంపుకుంటూ అందులోనే ఉంటుంది. ఈ సంగతి మీ అత్తగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మనవరాలి చేప కోసమే కదా ఆవిడ విగ్రహం ఇచ్చారు, కారణం తెలిస్తే నొచ్చుకోరు. తొట్టి వెనుక గోడకు చిన్న పీట వేసి దాని మీద విగ్రహాన్ని నిలిపితే, ముందు నుంచి చూసేవారికి నీటి వెనుక కృష్ణుడు కనిపిస్తాడు. నాణేలకు, కంచు గంటలకు, లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలకు, రంగులద్దిన కొండపల్లి బొమ్మలకు కూడా చోటు నీటి బయటే.

అన్నీ తీసివేస్తే తొట్టి మళ్ళీ బోసిపోతుందని మీ అమ్మాయి బాధపడుతుంది. అందుకే ఇప్పుడు లోపల పెట్టవలసిన వాటి గురించి రాస్తాను. మొదటిది విజయవాడ వీధులలోనే రాలి ఉంటుంది: ఎండిన బాదం ఆకు. కిరాణా కొట్టులో పప్పుగా దొరికే బాదం కాదు, బడి ఆవరణలలో గొడుగులా పెరిగి, పిల్లలు కాయలు కొట్టుకుతినే మన బాదం చెట్టు. ఒకప్పుడు ఈ ఆకులతోనే విస్తళ్ళు కుట్టేవారు. ఆగ్నేయాసియాలో బెట్టాలను పెంచేవారు ఈ ఆకునే నీటిలో వేస్తారు. ఆకులోని వగరు పదార్థమైన టానిన్ నీటికి పలుచని తేనీటి రంగు ఇస్తుంది, పీహెచ్‌ను కొద్దిగా తగ్గిస్తుంది, కొన్ని రకాల సూక్ష్మజీవుల పెరుగుదలను అదుపు చేస్తుంది. చెట్టు నుంచి తానుగా రాలి, పూర్తిగా గోధుమ రంగుకు ఎండిన ఆకునే తీసుకోండి. పచ్చి ఆకు వద్దు. వాహనాల పొగ తగిలే రోడ్డు పక్క చెట్టు, పురుగుమందు కొట్టిన తోటలోని చెట్టు వద్దు. ఆకును కడిగి, మరిగిన నీళ్ళు పోసి, చల్లారిన తరువాత మీ 25 లీటర్ల తొట్టికి ఒక మధ్యరకం ఆకు వేస్తే చాలు. రెండు మూడు రోజులు తేలి, తరువాత మునుగుతుంది. మూడు నాలుగు వారాలకు ఈనెలు మిగిలి ఆకు జల్లెడలా అయినప్పుడు తీసి కొత్తది వేయండి. చేప ఆ ఆకు కిందకు దూరి పడుకోవడం మీరే చూస్తారు.

రెండవది జీవమున్న మొక్కలు. కొత్తవారికి నేను ముందుగా చెప్పేది అనూబియాస్. ఆకు వెడల్పుగా, మందంగా ఉంటుంది, తక్కువ వెలుతురులో కూడా బతుకుతుంది, చేప దాని మీద ఆనుకుని విశ్రాంతి తీసుకుంటుంది. అల్లం కొమ్ములా అడ్డంగా పెరిగే దాని కాండాన్ని మాత్రం గులకలలో పాతిపెట్టకూడదు, పాతిపెడితే కుళ్ళుతుంది. నున్నటి రాయికి నూలు దారంతో కట్టి ఉంచితే కొన్ని వారాలకు వేళ్ళే రాయిని పట్టుకుంటాయి. జావా ఫెర్న్‌ను కూడా ఇలాగే కట్టాలి. ఇంట్లో మనీ ప్లాంట్ ఉంటే ఒక తీగను కడిగి, వేళ్ళు మాత్రమే నీటిలో ఉండి ఆకులు పైన ఉండేటట్టు తొట్టి అంచుకు తగిలించవచ్చు; చేప వ్యర్థాల నుంచి వచ్చే నైట్రేట్‌ను ఆ వేళ్ళు పీల్చుకుంటాయి. అంతరతామర వంటి తేలే మొక్కలు నీడనిస్తాయి, కిందకు వేలాడే వాటి మెత్తటి వేళ్ళ మధ్య తిరగడం బెట్టాకు ఇష్టం. అయితే నీటిపైన సగానికి మించి కమ్ముకోనీయవద్దు, చేప గాలి పీల్చడానికి తెరిచిన చోటు కావాలి. ఏ మొక్కనైనా కాలువలోంచో, వరిపొలం గట్టు నుంచో తెచ్చి నేరుగా వేయవద్దు. పురుగుమందు అవశేషాలు, జలగలు, చిన్న చేపలను పట్టి తినే తూనీగ పిల్లపురుగులు దానితో పాటే వస్తాయి. పెరిగి ఎక్కువైన మొక్కలను తిరిగి కాలువలో పారవేయడం కూడా మంచిది కాదు, గుర్రపుడెక్కతో మన కాలువలు పడుతున్న అవస్థ చూస్తూనే ఉన్నాము.

చెక్క కావాలనుకుంటే అక్వేరియం కోసం అమ్మే డ్రిఫ్ట్‌వుడ్ (నీటిలో నాని అరిగిన చెక్క) కొని, నునుపు చూసి, మరగబెట్టి వాడండి. పెరట్లో విరిగిన పచ్చికొమ్మ, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్క పనికిరావు. గుహలాంటిది కావాలంటే కుమ్మరి దగ్గర పూత లేని, బాగా కాలిన చిన్న మట్టి ముంతను తీసుకుని పక్కకు వాల్చి పెట్టండి. నోరు వెడల్పుగా ఉండాలి, పగిలిన అంచు ఉండకూడదు. ఇది కోట కన్నా అందంగా ఉంటుందని నా అభిప్రాయం, ఖర్చు కూడా చాలా తక్కువ.

కొత్త వస్తువు దేనినైనా ముందు ఒక బకెట్ నీటిలో వారం రోజులు నానబెట్టండి. నీటి రంగు, వాసన, పైన నూనె తెట్టు వంటివి గమనించండి. పీహెచ్ పరీక్ష పట్టీలు ఉంటే మొదటి రోజు, చివరి రోజు కొలవండి. బట్టల సబ్బు, గిన్నెల సబ్బు ఏ వస్తువుకూ తగలనీయవద్దు, ఎంత కడిగినా మిగిలే జాడ మొప్పలకు హానికరం. వేడినీళ్ళు, కొత్త బ్రష్షు చాలు. రాళ్ళను మాత్రం పొయ్యి మీద మరగబెట్టవద్దు. లోపల చిక్కిన తేమ ఆవిరై రాయి పగిలి ఎగిరే ప్రమాదం ఉంది, మరిగిన నీళ్ళు పైన పోస్తే సరిపోతుంది.

అమర్చేటప్పుడు ఎత్తైన మొక్కలు వెనుక, ముంత ఒక పక్క, ముందు భాగం ఖాళీగా ఉండేటట్టు చూడండి. కనీసం ఒక వెడల్పాటి ఆకు నీటిమట్టానికి రెండు మూడు అంగుళాల కిందనే ఉండాలి. అలిసిన చేప అక్కడ ఆగి, ఒక్క కదలికతో పైకి వెళ్ళి గాలి పీల్చుకోగలగాలి. ఫిల్టరు ఉంటే దాని ధారకు ఎదురుగా రాయినో, మొక్కనో నిలిపి వేగం తగ్గించండి. వెనుక గాజుకు అద్దంలా మెరిసే కాగితం అంటించి ఉంటే తీసివేయండి, తన నీడనే ఇంకొక మగ చేప అనుకుని రోజంతా మొప్పలు విప్పి పోరాడుతుంది. మూత తప్పనిసరి, బెట్టా బాగా ఎగురుతుంది. మూతకు, నీటికి మధ్య రెండంగుళాల గాలి వదలండి.

మీ చేప మూలన నిలబడడానికి తోక గాయంతో పాటు, హాయిగా దాక్కునే చోటు లేకపోవడం కూడా కారణమై ఉండవచ్చు. ఈ రాత్రి పదునైనవన్నీ తీసి, నాలుగో వంతు నీరు మార్చి, దీపం ఆర్పివేయండి. రేపు ఉదయం మీ అమ్మాయిని వెంటబెట్టుకుని బాదం ఆకు ఏరుకురండి. ముంతను, అనూబియాస్‌ను వారం పాటు బకెట్‌లో ఉంచి ఆ తరువాత చేర్చండి. అన్నీ ఒకే రోజు మార్చితే చేప బెదురుతుంది కాబట్టి రెండు మూడు రోజుల ఎడంతో ఒక్కొక్కటి పెట్టండి. వారానికి ఒకసారి తోకను పక్క నుంచి ఫోటో తీసి, తేదీ రాసి ఉంచమని అమ్మాయికి చెప్పండి. కొత్తగా పెరిగే పొర మొదట రంగు లేకుండా గాజులా ఉంటుంది, నీలం తరువాత దిగుతుంది. ఆ ఫోటోలలో మూడో వారానికి కూడా మార్పు కనిపించకపోతే, వాటిని నాకు పంపుతూ మళ్ళీ రాయండి.